ఎవరి అనుమతితో కట్టాడు? కాన్సాస్ టెరిటరీ నాటి ఒక టోల్ వంతెన కేసు

మా నాన్నగారు దస్తావేజు లేఖరి. రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా వేపచెట్టు కింద ఆయన బల్ల ఉండేది. పొలం కొంటామని ఎవరొచ్చినా ఆయన మొదటి ప్రశ్న ఒకటే: "లింకు డాక్యుమెంట్లు తెచ్చారా?" అమ్మేవాడికి ఆ పొలం ఎవరి నుంచి వచ్చింది, ఆ ముందువాడికి ఎవరి నుంచి వచ్చింది, మధ్యలో ఎక్కడైనా లింకు తెగిందా. నేను అమెరికాలో, కాన్సాస్ రాష్ట్రంలో చేస్తున్న పనీ దాదాపు ఇదే. పాత రికార్డులు వెతికి, హక్కు ఎలా చేతులు మారిందో రాసిపెడతాను. ఎక్కువగా పొలాలు, గ్యాస్ లీజులు, దారి హక్కులు వస్తాయి. ఈ కేసు మాత్రం 1850లలో, కాన్సాస్ ఇంకా రాష్ట్రం కాక టెరిటరీగా ఉన్న రోజుల్లో, ఒక ప్రైవేటు మనిషి ఏటి మీద నడిపిన టోల్ వంతెనది.

దీన్ని వివరంగా రాస్తున్నది ఎందుకంటే, మొదటి మూడు నెలలు నేను తప్పు చోట వెతికాను. అంతకంటే పెద్ద తప్పు, ఆ వెతుకులాట గురించి రాసిన ఒక వాక్యం వల్ల ఒక కుటుంబానికి కష్టం కలిగింది. ఊరు, ఏరు, కుటుంబం పేర్లు చెప్పను. గుర్తుపట్టే వీలు లేకుండా కేసులోని అంకెలు, నెలలు కొద్దిగా మార్చాను. చట్టాలు, కోర్టు తీర్పులు, పేరు పెట్టి చెప్పిన ఇతర వంతెనల వివరాలు ఉన్నవి ఉన్నట్టే ఇచ్చాను.

నేపథ్యం

నది దాటించి డబ్బు తీసుకునే హక్కు ఎవరిది? కృష్ణ, గోదావరి ఒడ్డున పెరిగినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. రేవు సర్కారుది. బల్లకట్టు నడిపే హక్కుకి పాట పెడతారు. పాట దక్కించుకున్నవాడు రాసిచ్చిన రేటుకి, రాసిచ్చిన గడువు వరకు జనాన్ని దాటిస్తాడు. మద్రాసు ప్రెసిడెన్సీలో కాలువలు, పబ్లిక్ రేవుల మీద 1890లోనే చట్టం ఉంది. అమెరికాలోనూ మూలసూత్రం ఇదే, ఇంగ్లండు కామన్ లా నుంచి వచ్చింది. రెండు గట్లూ నీవే అయితే నీ అవసరానికి వంతెన వేసుకోవచ్చు. దారిన పోయే జనం దగ్గర టోల్ తీసుకోవాలంటే మాత్రం ప్రభుత్వం ఇచ్చిన హక్కు కావాలి. ఆ హక్కుని ఫ్రాంచైజ్ అంటారు. ఇంగ్లండులో అది రాజు చేతిలోది, అమెరికాలో శాసనసభ చేతిలోది.

ఫ్రాంటియర్ ప్రాంతాల్లో, అంటే వలసవాళ్ళు అప్పుడప్పుడే చేరుతున్న పడమటి అంచుల్లో, ప్రభుత్వాల దగ్గర వంతెనలకి డబ్బు ఉండేది కాదు. పన్ను వెయ్యడానికి జనం ఇంకా కుదురుకోలేదు, కానీ పడమటికి పోయే బండ్లు మాత్రం ఆగడం లేదు. అందుకని కట్టే భారం ప్రైవేటు వాళ్ళ మీద పెట్టి, బదులుగా కొన్నేళ్ళ టోల్, చుట్టుపక్కల ఇంకెవరూ వంతెన వెయ్యకూడదన్న హామీ ఇచ్చేవాళ్ళు. మన హైవేల మీద బీవోటీ కాంట్రాక్టులు చూసినవాళ్ళకి ఇది బాగా తెలిసిన ఏర్పాటే.

ఆ హామీని అక్షరాలా రాయించుకోవడానికి కారణం 1837 నాటి ఒక తీర్పు. బోస్టన్‌లో చార్ల్స్ రివర్ బ్రిడ్జ్ కంపెనీకి 1785లో చార్టర్, అంటే శాసనసభ రాసిచ్చే హక్కుపత్రం, వచ్చింది. 1828లో అదే శాసనసభ పక్కనే వారెన్ బ్రిడ్జ్‌కి కూడా అనుమతి ఇచ్చింది. పాత కంపెనీ సుప్రీంకోర్టుకి వెళ్ళి ఓడిపోయింది. చార్టర్‌లో స్పష్టంగా రాయని గుత్తహక్కుని ఉన్నట్టు ఊహించుకోకూడదని ప్రధాన న్యాయమూర్తి రోజర్ టేనీ తేల్చారు. తెలివైన ప్రమోటర్లు ఆ పాఠం మర్చిపోలేదు. టెక్సాస్‌లోని వేకో దగ్గర బ్రాజోస్ నది మీద సస్పెన్షన్ వంతెన కట్టిన కంపెనీ 1866లో చార్టర్ తీసుకున్నప్పుడు 25 ఏళ్ళ గుత్తహక్కు అందులోనే రాయించుకుంది. 475 అడుగుల ఆ వంతెన మీద 1870 జనవరిలో టోల్ మొదలైంది. 1889లో కౌంటీ దాన్ని 75,000 డాలర్లకి కొన్నాక టోల్ ఎత్తేశారు. దాని ఇంజనీరు థామస్ గ్రిఫిత్ అంతకుముందు మినియాపొలిస్‌లో 1855 జనవరిలో తెరిచిన వంతెన కట్టారు. మిసిసిపీ మీద మొట్టమొదటి శాశ్వత వంతెన అది, అదీ ప్రైవేటు టోల్ వంతెనే. ఇలాంటి పెద్ద వంతెనల కాగితాలు భద్రంగా ఉన్నాయి. చిన్న ఏళ్ళ మీద దూలాలతో వేసిన వంతెనలవే చెల్లాచెదురయ్యాయి.

నా దగ్గరికి వచ్చిన సమస్య

తూర్పు కాన్సాస్‌లో ఒక కౌంటీ. పాత బండ్ల బాట ఏటిని దాటే చోట రెండు రాతి గట్టు కట్టడాలు ఇంకా నిలబడి ఉన్నాయి. అక్కడ చరిత్ర చెప్పే బోర్డు పెట్టాలని స్థానిక కమిటీ ఒకటి నిర్ణయించింది. వాళ్ళు రాసుకున్న ముసాయిదాలో ఒక వాక్యం: "ఇక్కడి వంతెనను ఒక సెటిలర్ ఎలాంటి అనుమతి లేకుండా కట్టి, వలస బండ్ల దగ్గర డబ్బు గుంజాడు." ఆధారం 1859 జూన్‌లో ఒక వారపత్రికలో అచ్చయిన పాఠకుడి ఉత్తరం.

ఆ సెటిలర్ మునిమనవరాలికి ఎనభై దాటాయి. అదే కౌంటీలో ఉంటారు. ఆవిడ నన్ను పిలిపించారు. ఇంట్లో తరతరాలుగా చెప్పుకున్నది వేరు: "మా తాతగారికి గవర్నమెంటు కాగితం ఉండేది." కాగితం మాత్రం లేదు. ఉన్నది ఒక చెక్క బోర్డు. టోల్ రేట్ల బోర్డు. కొట్టంలో దాణా పెట్టెకి మూతగా వాడారు.

డబ్బు ఆవిడ ఇస్తున్నారు కాబట్టి మొదటి రోజే చెప్పాను: దొరికింది ఏదైనా, మీకు నచ్చినా నచ్చకపోయినా, అదే రాస్తాను. ఆవిడ ఒప్పుకున్నారు. "దొంగ అయితే దొంగ అనే రాయి. కానీ చూసి రాయి," అన్నారు.

మొదటి ప్రయత్నాలు, అవి ఎందుకు ఫలించలేదు

అలవాటు కొద్దీ రిజిస్టర్ ఆఫ్ డీడ్స్ ఆఫీసుకి, అంటే భూమి దస్తావేజులు ఎక్కించే చోటికి, వెళ్ళాను. రెండు గట్ల భూమీ ఆ సెటిలర్ పేరునే ఉంది. మొదట సంతోషించాను. ఆ సాయంత్రమే తప్పు అర్థమైంది. పైన చెప్పిన సూత్రం ప్రకారం భూమి హక్కు వేరు, టోల్ హక్కు వేరు. గట్టు కాగితం చూపించి "అనుమతి ఉంది" అంటే, నది ఒడ్డున ఇల్లుంది కాబట్టి రేవు నాదే అన్నట్టు ఉంటుంది.

తర్వాత చెక్క బోర్డు. ఆవిడకి అదే పెద్ద సాక్ష్యం. కానీ బోర్డు ఎవరైనా పెట్టుకోవచ్చు. వసూలు జరిగిందని అది రుజువు చేస్తుంది, వసూలు చేసే హక్కు ఉందని చెయ్యదు. ఫోటో తీసి పక్కన పెట్టాను. అది నా తప్పు. అప్పుడే శ్రద్ధగా చదివి ఉంటే రెండు నెలలు మిగిలేవి.

ఫెడరల్ అనుమతి సంగతి కూడా చూశాను. పడవలు నడిచే నది మీద వంతెన వేస్తే రాష్ట్రం ఇచ్చిన చార్టర్ ఒక్కటే సరిపోతుందా అన్న గొడవ ఆ రోజుల్లో పెద్దది. ఒహాయో నది మీద వీలింగ్ వంతెన స్టీమర్లకి అడ్డమని 1852లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అదే ఏడాది కాంగ్రెస్ ఆ వంతెన చట్టబద్ధమేనని చట్టం చేసింది, 1856లో కోర్టు దాన్ని ఒప్పుకుంది. కాన్సాస్ నది మీద కూడా 1850లలో స్టీమర్లు తిరిగాయి. మన ఏరు దాని ఉపనదికి ఉపనది, ఎండాకాలంలో మోకాలి లోతు. ఈ దారి మూసేశాను.

ఇక శాసనసభ చట్టాలు. టెరిటరీ కాలం నాటి జనరల్ లాస్ (అందరికీ వర్తించే చట్టాల) సంపుటాల సూచికల్లో సెటిలర్ పేరు, ఏరు పేరు, ఊరి పేరు అన్నీ వెతికాను. ఏమీ లేదు. కౌంటీ కమిషనర్ల మినిట్స్ పుస్తకాల్లో 1860 నుంచి వెతికాను. వంతెన మరమ్మతు మాట ఒకటి కనబడింది, అనుమతి మాట లేదు.

రెండో నెల చివర పెద్దావిడకి, ఆవిడ కోరిక మీద కమిటీకి, మధ్యంతర రిపోర్టు పంపాను. అందులో ఈ వాక్యం రాశాను: "శాసనసభ రికార్డుల్లో, కౌంటీ రికార్డుల్లో అనుమతి దొరకలేదు." ఈ వాక్యం అబద్ధం కాదు. కానీ కమిటీ సమావేశంలో అది "అనుమతి లేదని పరిశోధనలో తేలింది" అయిపోయింది. పెద్దావిడ ఆ సమావేశంలో కూర్చుని ఉన్నారు. రాత్రి ఫోన్ చేశారు. కోప్పడలేదు. "నువ్వు ఏ పుస్తకాలు చూశావో అందులో రాయలేదమ్మా," అన్నారంతే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను చూసింది కొన్ని సంపుటాలు. రాసింది మొత్తం రికార్డులు చూసినట్టు. ఆ తర్వాత ఏ రిపోర్టులోనూ "దొరకలేదు" అన్న మాట ఒంటరిగా వాడలేదు. ఏ పుస్తకం, ఏ ఏడాది, ఏ సూచిక, ఏ పేర్లతో వెతికాను, అన్నీ పక్కనే ఉంటాయి.

మళ్ళీ మొదటికి: బోర్డు చదవడం

మళ్ళీ కొట్టానికి వెళ్ళాను. బోర్డు వాల్‌నట్ చెక్క, నాలుగడుగుల పొడవు. రంగు దాదాపు పూర్తిగా పోయింది. కానీ పాత తెల్లరంగు ఉన్న చోట ఎండావానకి చెక్క తక్కువగా అరుగుతుంది. రంగు రాలిపోయాక కూడా అక్షరాలు వెంట్రుకవాసి ఎత్తుగా మిగులుతాయి. తలుపు మూసి, ఫోన్ టార్చి బోర్డుకి పక్కనుంచి, దాదాపు సమాంతరంగా పట్టుకున్నాను. అక్షరాల నీడలు లేచాయి. పెద్దావిడ స్టూలు మీద కూర్చుని ఒక్కో లైనూ నాతో పాటు చదివారు. రెండు పశువుల బండి 35 సెంట్లు. నాలుగు పశువుల బండి 50. గుర్రం మీద మనిషి 10. నడిచే మనిషి 5. విడి పశువు 5. గొర్రె, పంది 2. అడుగున చిన్న అక్షరాల్లో: అంత్యక్రియలకు వెళ్ళేవాళ్ళకి ఉచితం.

ఆ ఆఖరి లైను దగ్గర ఆగిపోయాను. తనంతట తాను వసూలు చేసుకునేవాడు అంత్యక్రియల మినహాయింపు బోర్డు మీద ఎందుకు రాయిస్తాడు? మంచితనంతో రాసి ఉండొచ్చు, కాదనను. కానీ ఇలాంటి మినహాయింపులు సాధారణంగా పైనుంచి షరతుగా వస్తాయి. ఎవరో అతనికి రేట్లు రాసిచ్చి ఉంటారని మొదటిసారి గట్టిగా అనిపించింది. ఎవరు?

ఫలించిన దారి

ఇక్కడ నాన్నగారి పద్ధతి గుర్తొచ్చింది. ఆయన ఎప్పుడూ ఇప్పటి యజమాని దగ్గర మొదలుపెట్టి వెనక్కి వెళ్ళేవారు, కానీ పేరు దొరక్కపోతే దారి మార్చి, సర్వే నంబరు పట్టుకుని మొదటి నుంచి ముందుకి వచ్చేవారు. నేను సెటిలర్ పేరు వదిలేసి చోటు పట్టుకున్నాను. "ఈ చోట ఏరు దాటించే హక్కు మొట్టమొదట ఎవరికి ఇచ్చారు?"

అప్పుడు రెండు సంగతులు బయటపడ్డాయి. ఒకటి, ఒక్కో కంపెనీకి, ఒక్కో వంతెనకి విడిగా చేసిన ప్రైవేటు చట్టాలు చాలాసార్లు జనరల్ లాస్‌లో ఉండవు. కొన్ని సమావేశాలకి ప్రైవేట్ లాస్ పేరుతో వేరే సంపుటం అచ్చు వేశారు. 1855 నాటి లావు సంపుటంలో అయితే అన్నీ కలిసే ఉన్నా, స్థానిక చట్టాలు చివర్లో గుంపుగా ఉంటాయి. నేను ముందు భాగం, సూచిక చూసి మూసేశాను. రెండు, చార్టర్ మన సెటిలర్ పేరున లేదు. 1855లో ముగ్గురు వేరే మనుషుల పేరున ఉంది. చట్టంలో ఏటికి పాత ఫ్రెంచి పేరు వాడారు. రోడ్డు వర్ణనని బట్టి చోటు అదేనని తేలింది. షరతులు ఇవి: మూడేళ్ళలో కట్టాలి, 15 ఏళ్ళ హక్కు, పైకి, కిందకి రెండేసి మైళ్ళలో ఇంకెవరూ టోల్ వంతెన వెయ్యకూడదు, కొట్టుకుపోతే ఏడాదిలో మళ్ళీ కట్టాలి, రేట్లు ఇవీ, మార్చాలంటే కౌంటీ వ్యవహారాలు చూసే సభ ఆమోదం కావాలి.

చార్టర్ దొరికింది, కేసు ముగిసింది అనుకున్నాను. అప్పుడు రేట్లు పోల్చాను. చార్టర్‌లో రెండు పశువుల బండికి 25 సెంట్లు, బోర్డు మీద 35. చార్టర్‌లో గొర్రెలు, పందుల లైనే లేదు. అంత్యక్రియల మాటా లేదు. అంటే బోర్డుకి ఆధారం ఈ కాగితం కాదు. ముగ్గురి పేరున ఉన్న హక్కు మన సెటిలర్‌కి ఎలా వచ్చిందో కూడా తెలియదు. రెండు లింకులు తెగి ఉన్నాయి.

మొదటి లింకు రిజిస్టర్ ఆఫ్ డీడ్స్‌లోనే దొరికింది, కానీ డీడ్స్ పుస్తకంలో కాదు, మిసలేనియస్ అని పిలిచే ఇతర పత్రాల పుస్తకంలో. టోల్ హక్కు భూమి కాదు కదా, గుమాస్తా దాన్ని అక్కడ ఎక్కించాడు. 1858 జులై వరదల తర్వాత, ఆ శరదృతువులో, ముగ్గురూ తమ చార్టర్‌ని, "వంతెన మిగిలిన దూలాలతో సహా" మన సెటిలర్‌కి బదిలీ చేశారు. ఆ వరద మామూలుది కాదు. టొపీకాలో కాన్సాస్ నది మీద ఆ ఏడాది మేలో తెరిచిన వంతెన కూడా జులైలోనే కొట్టుకుపోయింది. మన సెటిలర్ కొన్నది నిజానికి కొట్టుకుపోయిన వంతెననీ, ఏడాదిలో మళ్ళీ కట్టాలన్న గడువునీ.

రెండో లింకు కోసం కౌంటీ పాలన ఎలా ఉండేదో చదవాల్సి వచ్చింది. టెరిటరీ కాలంలో కౌంటీ నడిపే సంస్థ రూపం మాటిమాటికీ మారింది. 1855 చట్టాల కింద ప్రొబేట్ జడ్జి (వీలునామాలు, వారసత్వాలు చూసే జడ్జి), కమిషనర్లు కూర్చునేవాళ్ళు. 1858లో టౌన్‌షిప్‌ల (కౌంటీలోని చిన్న విభాగాల) నుంచి వచ్చిన సూపర్‌వైజర్ల బోర్డు పెట్టారు. 1860లో ముగ్గురు కమిషనర్ల బోర్డు వచ్చింది. నేను "కమిషనర్లు" అన్న లేబుల్ ఉన్న పుస్తకాలే చూశాను, కాబట్టి 1860కి ముందున్నదంతా నా కంటికి ఆనలేదు. సూపర్‌వైజర్ల మినిట్స్ కోర్టుహౌస్ నేలమాళిగలో, రోడ్డు రికార్డు అని రాసి ఉన్న పుస్తకంలో, రోడ్డు సర్వేల తర్వాత కలిపి కుట్టి ఉన్నాయి.

1859 ఆగస్టు పేజీ. సిరా గోధుమరంగుకి తిరిగింది. వంతెన యజమాని అర్జీ పెట్టుకున్నాడు, సూపర్‌వైజర్లు వంతెన చూసి వచ్చారు, రేట్లు పెంచారు. 35, 50, 10, 5, 5, 2. అంత్యక్రియలకు ఉచితం. రేట్లను "వంతెన చివర కనబడే చోట బోర్డు మీద రాయించి పెట్టాలి" అన్నది చివరి ఆదేశం. నేనక్కడే నిలబడి పెద్దావిడకి ఫోన్ చేశాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అయితే మేము దాణా పెట్టెకి వేసింది కౌంటీ ఆర్డరు," అన్నారు.

ఉత్తరం సంగతి

ఆవిడ ఆనందం చూశాక ఇక్కడితో ఆపేస్తే బాగుండుననిపించింది. కానీ పత్రికలో ఉత్తరం రాసినవాడికీ నేను జవాబుదారీనే. అతను ఎందుకలా రాశాడు?

కాన్సాస్‌లో పాత పత్రికలు దొరకడం కష్టం కాదు. రాష్ట్ర చరిత్ర సంఘాన్ని 1875లో పెట్టినవాళ్ళే పత్రికల సంపాదకులు, అందుకని మొదటి నుంచీ పత్రికలు దాచారు. ఉత్తరం మొత్తం చదివాను. కమిటీ వాడింది అందులో రెండు వాక్యాలే. మిగతాది చదివితే "అనుమతి లేదు" అన్న మాటకి రెండు అర్థాలు కనబడ్డాయి.

మొదటిది రాజకీయం. 1855 మార్చి 30న జరిగిన టెరిటరీ ఎన్నికల్లో పక్క రాష్ట్రం మిస్సోరీ నుంచి వేలమంది వచ్చి ఓట్లేసి పోయారు. అలా వచ్చిన బానిసత్వ అనుకూల శాసనసభని, కాన్సాస్‌లో బానిసత్వం వద్దనే ఫ్రీ స్టేట్ వర్గం ఎప్పుడూ గుర్తించలేదు. "బోగస్ శాసనసభ" అని పిలిచేవాళ్ళు. టొపీకాలో తమ సొంత రాజ్యాంగం రాసుకుని పోటీ ప్రభుత్వమే పెట్టుకున్నారు. మన వంతెన చార్టర్ ఆ బోగస్ సభ ఇచ్చిందే. ఉత్తరం అచ్చయింది ఫ్రీ స్టేట్ పత్రికలో. "ఏ చట్టబద్ధ సభా ఇవ్వని హక్కుతో" అని అతను రాస్తే, కాగితం లేదని కాదు, ఆ కాగితం ఇచ్చిన సభనే తాను ఒప్పుకోనని. బానిసత్వాన్ని దొంగ ఓట్లతో రుద్దడానికి చూసిన సభ మీద అతనికున్న కోపాన్ని నేను తప్పుపట్టలేను.

న్యాయపరంగా ఆ చార్టర్ నిలిచిందా అన్నది వేరే ప్రశ్న. ఫ్రీ స్టేట్ వర్గం చేతికి శాసనసభ వచ్చాక 1855 చట్టాలను 1859లో రద్దు చేశారు. కానీ చార్టర్ ఒక కాంట్రాక్టు అని, దాన్ని శాసనసభ ఇష్టం వచ్చినట్టు తీసెయ్యలేదని 1819లో డార్ట్‌మత్ కాలేజీ కేసులో సుప్రీంకోర్టు చెప్పి ఉంది. నేను లాయర్ని కాదు. రిపోర్టులో తీర్పు చెప్పలేదు. 1859లో ఫ్రీ స్టేట్ కాలపు సూపర్‌వైజర్లే ఈ వంతెనకి రేట్లు పెట్టారంటే, వాళ్ళు ఆ హక్కుని చెల్లుతున్నట్టే చూశారని మాత్రం రాశాను.

రెండో అర్థం పెద్దావిడకి చెప్పడం కష్టమైంది. ఉత్తరంలో అతను కట్టిన రేటు రాశాడు: రెండు ఎద్దుల బండికి 35 సెంట్లు. ఉత్తరం జూన్‌లో అచ్చయింది. రేట్లు పెంచిన ఆర్డరు ఆగస్టులో వచ్చింది. కొత్త వంతెన మార్చిలో తెరిచారు. అంటే దాదాపు అయిదు నెలలు సెటిలర్ చార్టర్ ఒప్పుకున్న 25 కాకుండా 35 వసూలు చేశాడు. ఆ పది సెంట్లకి ఏ సభ అనుమతీ లేదు. ఉత్తరం వచ్చాకే అర్జీ పెట్టుకున్నాడేమో. అది నా ఊహ, రిపోర్టులో రాయలేదు. తేదీలు మూడూ వరసగా పెట్టాను.

ఆవిడ ఆ పేజీ రెండుసార్లు చదివారు. "మళ్ళీ కట్టిన ఖర్చు రాబట్టుకోవాలి కదా," అన్నారు. నిజమే, అతనికి టెన్షన్ ఉండే ఉంటుంది. వరద వచ్చిన ఏడాదిలోగా కట్టకపోతే చార్టరే పోయేది. కానీ ఎద్దుల బండి వాడికీ ఆ పది సెంట్లు చిన్నవి కావు. ఆవిడ చివరికి తలూపి, "రాయి," అన్నారు.

అందరికంటే ముందు

రిపోర్టు ముగించే ముందు నాన్నగారి ప్రశ్న ఇంకోసారి వేసుకున్నాను. శాసనసభ ముగ్గురికి ఇచ్చింది. శాసనసభకి ఎవరిచ్చారు? 1854 మేలో టెరిటరీ ఏర్పడేదాకా ఆ భూమి ఒప్పందం ప్రకారం ఒక స్థానిక అమెరికన్ తెగ రిజర్వేషన్. బండ్ల బాట అంతకుముందే ఉంది. బండ్లు ఏరు ఎలా దాటాయి? 1850 నాటి ఒక వలస డైరీలో ఇదే చోట "ఒక ఇండియన్ వేసిన దుంగల వంతెన, బండికి రెండు బిట్లు" అని ఉంది. బిట్ అంటే పన్నెండున్నర సెంట్లు. ఇండియన్ అంటే స్థానిక అమెరికన్, ఆ రోజుల్లో అలాగే పిలిచేవాళ్ళు.

ఇది అరుదైన సంగతి కాదు. పడమటికి పోయే బండ్ల బాట ఒరెగాన్ ట్రయల్ వెర్మిలియన్ ఏటిని దాటే చోట లూయీ వ్యూ అనే పోటవాటోమి తెగ వ్యక్తి టోల్ వంతెన నడిపి బండికి డాలరు తీసుకునేవాడు. దక్షిణాన చోక్టా తెగ సొంత ప్రభుత్వమైన చోక్టా నేషన్ చట్టసభ టోల్ వంతెనలకి తానే హక్కులు ఇచ్చేది. ఫ్రాంటియర్‌లో టోల్ వంతెన అనగానే తెల్ల సెటిలర్ కళ్ళ ముందుకొస్తాడు, చార్టర్ అనగానే రాష్ట్ర శాసనసభ గుర్తొస్తుంది. నేనూ నాలుగు నెలలు అలాగే ఆలోచించాను. మన కేసులో 1855 చార్టర్ ఒక ఖాళీ చోట కొత్త హక్కు పుట్టించలేదు. అప్పటికే ఒకరు జనాన్ని దాటిస్తున్న చోట, అతని పేరెత్తకుండా, వేరే ముగ్గురికి హక్కు రాసిచ్చింది. అందులోని రెండు మైళ్ళ షరతు ముందుగా ఎవరి నోరు కొట్టిందో ఆలోచిస్తే నాకు బాధ కలుగుతుంది.

నా పనిలో వచ్చిన మార్పు

ఇప్పుడు ఇలాంటి కేసు వస్తే అనుమతి అన్నదాన్ని ఒక కాగితంగా వెతకను. మొదట చోటు పట్టుకుని, ఆ తేదీన అక్కడ అధికారం ఎవరిది, ఎన్ని సభలు మేమంటే మేమని అన్నాయి అని ఒక పట్టీ వేసుకుంటాను. ఆ సభల పేర్లు ఏ ఏడాది మారాయో రాసుకున్నాకే కోర్టుహౌస్‌కి వెళతాను. చార్టర్ దొరికితే దానిమీద రాసిన పేరుకీ, నిజంగా గేటు దగ్గర కూర్చున్న మనిషికీ మధ్య బదిలీ పత్రం చూస్తాను. రేట్లు పోలుస్తాను. అంకెలు కలవకపోతే మధ్యలో ఇంకో ఆర్డరు ఉందన్నమాట, లేదా అక్రమ వసూలు ఉందన్నమాట. ఈ కేసులో రెండూ ఉన్నాయి.

టెరిటరీల్లో వెతికేవాళ్ళకి ఏడాది చాలా ముఖ్యం. టెరిటరీ శాసనసభలు ప్రైవేటు చార్టర్లు ఇవ్వకూడదని కాంగ్రెస్ 1867 మార్చి 2న చట్టం చేసింది. 1886లో చేసిన ఇంకో చట్టం టోల్ వంతెనలు, రేవుల పేర్లు చెప్పి మరీ ప్రత్యేక చట్టాలు నిషేధించింది. కాబట్టి ఉదాహరణకి 1870ల నాటి డకోటా వంతెనకి ప్రైవేటు చట్టం కోసం వెతకడం దండగ. అక్కడ జనరల్ ఇన్‌కార్పొరేషన్ చట్టం (ఏ కంపెనీ అయినా నమోదు చేసుకునే ఉమ్మడి చట్టం) కింద దాఖలైన కంపెనీ పత్రం చూడాలి. కాన్సాస్ 1861 జనవరిలో రాష్ట్రమయ్యాక ఇక్కడా కంపెనీలకి ప్రత్యేక చట్టాలు రాజ్యాంగం ప్రకారం కుదరవు.

బోర్డు

కమిటీ నా రిపోర్టు చదివి పాత వాక్యం తీసేసింది. నేనిచ్చిన ముసాయిదాలో అయిదు వాక్యాలు: 1855 చార్టర్, 1858 వరద, మళ్ళీ కట్టడం, అయిదు నెలల అదనపు వసూలు, ఆగస్టు ఆర్డరు. వాటికి ముందు ఒకటి, తెగ మనిషి దుంగల వంతెన గురించి. చోటు చాలదని కమిటీ ఆ మొదటి వాక్యాన్నే తీసెయ్యబోయింది. పెద్దావిడ సమావేశంలో లేచి, చోటు కావాలంటే మా తాతగారి పేరు తీసెయ్యండి, వంతెన కట్టినవాడు అని ఉంటే చాలు అన్నారు. వాక్యం ఉండిపోయింది. తాతగారి పేరు కూడా ఉంచారు, అక్షరాల సైజు తగ్గించారు.

ఆ మొదటి వాక్యంలో మాత్రం పేరు లేదు. డైరీ రాసినామెకి అతను "ఒక ఇండియన్", అంతే. తెగల వ్యవహారాలు చూసే ప్రభుత్వ ఏజెంట్లు వాషింగ్టన్‌కి రాసిన ఉత్తరాల మైక్రోఫిల్మ్, ఎం234 రీళ్ళు, ఖాళీ దొరికినప్పుడల్లా చూస్తున్నాను. రేవు గురించి ఏజెంటుకి అర్జీ పెట్టుకుని ఉంటే అందులో ఉండాలి. ఆ తెగ సాంస్కృతిక విభాగంలో పనిచేసే ఒకావిడ వాళ్ళ వైపు కుటుంబ పట్టీలు చూస్తున్నారు. ఇప్పటికి నేను చూసినవి మూడు రీళ్ళు: 1848 నుంచి 1850 దాకా, ప్రతి ఫ్రేమూ, ఏటికి ఉన్న మూడు పేర్లతోనూ. వచ్చే నెల నాలుగోది మొదలుపెడతాను.